పగులు పగులుకీ ఆగే స్నోబ్లోయర్: కొత్త యజమానులకు సలహాలు

మినియాపొలిస్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాళ్లు మొదటి చలికాలం రాకముందే రెండు పనులు చేస్తారు. సత్యనారాయణ వ్రతం చేయించుకుంటారు, స్నోబ్లోయర్ కొంటారు. వ్రతానికి ఏమేం కావాలో పంతులుగారు జాబితా పంపిస్తారు. స్నోబ్లోయర్‌తో కూడా ఒక పుస్తకం వస్తుంది గానీ, అది అట్టపెట్టెతో పాటే రీసైక్లింగ్ డబ్బాలోకి పోతుంది. ఆ లోటు తీర్చడానికే ఈ సలహాలు.

వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే మీ యంత్రం నున్నటి డ్రైవ్‌వే మీద కూడా నాలుగడుగులకోసారి టక్కున ఆగుతుంది. హ్యాండిల్ వచ్చి డొక్కలో పొడుస్తుంది. మీరు దాన్ని వెనక్కి లాగి, ఎత్తి, మళ్లీ తోస్తారు. ఇలా కావాలని ఎవరు కోరుకుంటారని అడగొచ్చు. డిసెంబరులో మంచు పడిన ఏ ఆదివారం పొద్దునైనా మా వీధిలోకి వచ్చి నిలబడండి. ఇంటికొకరు ఇదే చేస్తూ కనిపిస్తారు. ఎలాగూ జరుగుతున్న పనే కాబట్టి కాస్త పద్ధతిగా జరగాలని నా తాపత్రయం.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఇది. యంత్రం ఎందుకు ఆగుతోందో తెలుసుకోవాలనిపిస్తే ఎక్కడైనా చూడండి గానీ దాని మూతి కింద మాత్రం చూడకండి. ఇంజన్ చూడండి, ఆయిల్ చూడండి, స్పార్క్ ప్లగ్ విప్పి ఊదండి, కంపెనీని తిట్టండి. మూతి కిందకి వంగారా, ఈ వ్యాసంతో మీకు పనుండదు.

ఎందుకంటే అక్కడ ఉన్నవి మూడే మూడు వస్తువులు. మంచుని లోపలికి లాగే మరలాంటి ఇనుప బద్దీ ఆగర్. అది తిరిగే పెట్టెకి కింద, వెనకవైపు, అడ్డంగా బిగించిన పట్టీ స్క్రేపర్ బార్. పెట్టెకి అటూ ఇటూ, అరచేయంత ఇనుప ముక్కలు రెండు. వాటిని స్కిడ్ షూస్ అంటారు. టూ-స్టేజ్ యంత్రంలో ఆగర్ నేలకి తగలకూడదు. వెనక రెండు చక్రాలు, ముందు ఈ రెండు షూస్, యంత్రం బరువంతా ఆ నాలుగింటి మీదే ఉంటుంది. షూస్ ఎంత కిందికి దిగి ఉంటే స్క్రేపర్ బార్ నేలకి అంత ఎత్తున ఉంటుంది. షూస్‌కి నిలువు గాడి ఉంటుంది, గాడిలో బోల్టులు, బోల్టులకి నట్లు. వదులు చేసి జరిపి బిగిస్తే ఎత్తు మారుతుంది. ఇంతకు మించి ఇందులో ఇంజనీరింగ్ లేదు. ఇంత చిన్న విషయం తెలిసిపోతే మిగతా చలికాలమంతా ఏం చేస్తారు?

నేలకి ఆనించే పద్ధతి

మొదటి మంచు పడినప్పుడు యంత్రం వెనక ఒక పలచటి పొర మిగిలిపోతుంది. అది చూసి ఇంట్లోవాళ్లు, “ఏమండీ, అంత డబ్బు పోసి కొన్నారు, ఇది సరిగ్గా తుడవట్లేదే” అంటారు. ఈ మాటని సవాలుగా తీసుకోండి. వెంటనే స్పానర్ తెచ్చి షూస్‌ని పైదాకా లేపేయండి, స్క్రేపర్ బార్ కాంక్రీటుని ముద్దు పెట్టుకునేలా. ఇక చివరి రేణువు దాకా గీకేస్తుందని మీ నమ్మకం. గీకుతుంది కూడా, మొదటి జాయింట్ దాకా.

కాంక్రీటు డ్రైవ్‌వే అంటే ఒకే బండ కాదు. వ్యాకోచానికీ సంకోచానికీ వీలుగా మధ్య మధ్య గాడులు కోసి ఉంచుతారు. పలకకీ పలకకీ మధ్య సందులుంటాయి, గరాజ్ గుమ్మం దగ్గర చిన్న మెట్టుంటుంది, సైడ్‌వాక్ కలిసేచోట ఇంకోటుంటుంది. తారు డ్రైవ్‌వే అయితే పగుళ్లు దేవుడిచ్చినన్ని. నేలకి ఆనుకున్న పట్టీ వీటిలో దేన్నీ వదలదు. చక్రాలు వెనకనుంచి తోస్తూనే ఉంటాయి, మూతి అంచుకి తగులుకుని కదలదు, వెనక భాగం లేస్తుంది. డొక్కలో పోటు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందిగా.

దీన్ని చెడగొట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది, జాగ్రత్త. యంత్రాన్ని గరాజ్‌లో చదునైన నేల మీద నిలబెడతారట. రెండు టైర్లలోనూ గాలి సమానంగా ఉందో లేదో చూస్తారట. రంగు డబ్బా కొన్నప్పుడు కలుపుకోవడానికి ఉచితంగా ఇచ్చే చెక్క బద్దలు రెండు తెచ్చి, స్క్రేపర్ బార్ కింద అటొకటి ఇటొకటి పెడతారట. ఆ బద్ద మందం 3 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. ఇప్పుడు నట్లు వదులు చేస్తే షూస్ వాటంతటవే నేల మీదికి జారుతాయి. అలాగే బిగించి బద్దలు లాగేస్తే పట్టీ నేలకి ఆ బద్దంత ఎత్తున నిలుస్తుంది. నేల ఎగుడుదిగుడైతే బద్ద మీద బద్ద వేసుకోవాలి. పది నిమిషాల పని. వెనక పలచటి పొర మిగులుతుంది, నిజమే. దానిమీద గుప్పెడు ఉప్పు చల్లితే పోతుంది. అయినా ఇంత సులువుగా అయ్యే పనికి గౌరవం ఏముంటుంది? చేయకండి.

ఫ్యాక్టరీలోనే సరిచేసి పంపుతారు కదా, మనం వేలు పెట్టడమెందుకనే వాదం కూడా మంచిదే. క్యూబెక్‌లో ఆర్థర్ సికార్డ్ అనే ఆయన 1925లో తనంతట తాను నడిచే స్నోబ్లోయర్ తయారుచేసి, 1927లో మాంట్రియల్ పక్కనున్న ఊట్రమాంట్ పట్టణానికి అమ్మాడు. దాదాపు వందేళ్ల అనుభవం ఉన్న యంత్రమన్నమాట. ఫ్యాక్టరీవాళ్లకి మీ డ్రైవ్‌వే సంగతి తెలియదన్న చిన్న అడ్డంకిని మాత్రం తలచుకోకండి.

షూస్‌ని ఎలాగైనా ముట్టుకోక తప్పదంటే, ఒకవైపు ఎత్తుగా, ఇంకోవైపు కిందికి బిగించండి. యంత్రం తాగినవాడిలా ఒక పక్కకి లాగుతుంది, కిందికి వాలిన మూల ప్రతి పగుల్లోనూ దిగబడుతుంది. ఇంకా నైపుణ్యం ఉంటే షూ ముందు అంచు కిందికి, వెనక అంచు పైకి వచ్చేలా ఏటవాలుగా బిగించండి. షూ అడుగు నేలకి సమాంతరంగా ఉంటే అది సందుమీదుగా జారిపోతుంది. ముక్కు వంచుకుని ఉంటేనే సందుని వెతుక్కుంటుంది.

అరిగిన షూస్‌ని పారేయకండి. కంపెనీతో వచ్చే సన్న ఇనప షూస్ కొన్నేళ్లు కాంక్రీటు మీద రాసుకుంటే అడుగు కత్తి అంచులా తయారవుతుంది. ఆ సన్నటి అంచు సరిగ్గా జాయింట్ గాడిలో పడేంత వెడల్పే ఉండటం ప్రకృతి చేసిన ఏర్పాటు. చాలా షూస్‌ని తిరగేసి రెండో అంచు వాడుకోవచ్చు, ఆ సంగతి మీకు తెలియనట్టే ఉండండి. వెడల్పుగా, పొడుగ్గా ఉండే పాలీ షూస్ దొరుకుతాయి. గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి, పగులుకి అటునుంచి ఇటు వంతెనలా ఆని జారిపోతాయి. పేవర్ల మీద గీతలు పడవు, తుప్పు మరకలు అంటవు. ముప్పై నలభై డాలర్ల ఖర్చు. వాటితో సగం సమస్య తీరిపోతుంది కాబట్టి, అంత డబ్బు దండగని తీర్మానించి, అదే వారం కారు కడిగించడానికి అంతకంటే ఎక్కువ పెట్టండి.

జనవరిలో లేచే నేల

కొందరు అదృష్టవశాత్తూ నవంబరులో అన్నీ సరిగ్గా అమర్చుకుంటారు. వాళ్లు దిగులు పడక్కర్లేదు, జనవరి వాళ్ల పని చూసుకుంటుంది.

మినసోటా దక్షిణ భాగంలో ఇంటి పునాది కనీసం 42 అంగుళాల లోతు నుంచి లేవాలని భవన నిబంధన. ఉత్తరాన అయితే 60. చలికాలంలో నేల అంత లోతుదాకా గడ్డకట్టవచ్చు కాబట్టి ఆ నిబంధన. ఇల్లు ఆ లోతున కాళ్లు పాతుకుని కదలకుండా నిలబడుతుంది. నాలుగంగుళాల మందమున్న డ్రైవ్‌వే పలకకి ఆ భాగ్యం లేదు. దానికింద ఒండ్రుమట్టిలో తేమ ఉంటే, గడ్డకట్టే పొర దిగుతున్నకొద్దీ కిందనుంచి నీళ్లని పైకి పీల్చుకుంటుంది. నీళ్లు మంచు పలకలుగా పేరుకుని కాంక్రీటుని పైకి నెడతాయి. నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుందని బళ్లో చదువుకున్నది ఇందులో చిన్న వాటా. కొత్త నీరు వచ్చి చేరుతూ ఉండటమే అసలు సంగతి. ఒక పలక ఎక్కువ లేస్తుంది, పక్కది తక్కువ, గరాజ్ గచ్చు అసలు లేవదు. నవంబరులో యంత్రం సులువుగా దాటిన గుమ్మం జనవరిలో మెట్టవుతుంది. ఏప్రిల్లో మళ్లీ మామూలే. అందుకే వసంతంలో కాంట్రాక్టరుని పిలిచి చూపిస్తే ఆయనకి ఏమీ కనిపించదు. మిమ్మల్ని వింతగా చూసి వెళ్లిపోతాడు.

జనవరి మధ్యలో ఇంకోసారి షూస్ ఒక బద్ద కిందికి దింపుకోవచ్చన్నది దీనికి విరుగుడు. మనకొద్దు. మీరు నవంబరు కొలతకే కట్టుబడండి. మాట మీద నిలబడేవాడికి కాంక్రీటు కూడా లొంగాలి.

నాన్నగారి ఫోన్

ఈ దశలో ఊరినుంచి వీడియో కాల్ వస్తుంది. తెనాలి దగ్గర పల్లెలో నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన నాన్నగారు, అమెరికా మంచు ఎలా ఉంటుందో చూపించమంటారు. ఫోను మంచుకుప్ప మీద గుచ్చి, కొడుకు యంత్రం తోసి చూపిస్తాడు. టక్. వెనక్కి. టక్.

“అది దిగబడుతోందిరా” అంటారు ఆయన.

“ఇంజన్ పవర్ చాలట్లేదు నాన్నా.”

“పవరుదేముందిరా. కర్రు లోతుకి పోతే ఎద్దుల్ని కొట్టి ఏం లాభం? కాస్త మూతి పైకి లేపి చూడు.”

మూడు సముద్రాల అవతల, జీవితంలో మంచు ముట్టుకోని మనిషి, మేడి పట్టిన చేత్తో అర నిమిషంలో రోగం చెప్పేశారు. ఇలాంటి సందర్భాల్లో ఏం చేయాలో మీకు తెలుసు. “అది నాగలి నాన్నా, ఇది స్నోబ్లోయర్, మీకు తెలీదు” అని చెప్పి, అక్కడ టైమెంతయిందో అడిగి, పడుకోమనండి. కర్రు ఎంత లోతు దిగాలన్నది తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన విద్య. ఒక తరంలో మర్చిపోవాలంటే కొంచెం పట్టుదల కావాలి.

తర్వాత టైర్ల మీద పడండి. కొత్త యంత్రాల టైర్లలో రవాణా కోసం గాలి ఎక్కువ కొట్టి పంపడం మామూలే. సాధారణంగా 15 నుంచి 20 పీఎస్ఐ చాలు, గరిష్ఠం ఎంతో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. మీరు మాత్రం గేజ్ వాడకుండా బూటుతో తన్ని చూసి సరిపోయిందనుకోండి. ఒక టైరులో 20, ఇంకోదాంట్లో 10 ఉంటే యంత్రం ఒక పక్కకి ఒరిగి, షూస్ ఎంత సమంగా బిగించినా ఒక మూల నేలని దున్నుతుంది. తప్పు మళ్లీ షూస్‌దని తేలుతుంది, అలా పరిశోధన వసంతందాకా సాగుతుంది.

వేగం సంగతి. ముందుకి ఆరు గేర్లు ఇచ్చినప్పుడు ఆరోదే వాడాలి, డబ్బులిచ్చాం కదా. ఆరో గేరులో పగులుకి తగిలితే వచ్చే అనుభవం మొదటి గేరులో రానే రాదు. గేరు మార్చేటప్పుడు డ్రైవ్ లివరు వదలకండి. లోపల ఒక లోహపు పళ్లేనికి రబ్బరు అంచున్న చక్రం రాసుకుంటూ బండిని నడుపుతుంది. గేరు మారిస్తే ఆ చక్రం పళ్లెం మీద పక్కకి జరుగుతుంది. నడుస్తుండగా జరిపితే రబ్బరు తొందరగా అరిగి, బండి ఆగి ఆగి నడవడం మొదలుపెడుతుంది. ఇక ఆగేది నేలవల్లా లోపలివల్లా అన్నది మెకానిక్‌కి కూడా అంతుపట్టదు. ఆ చక్రం కీచుమంటోందని గ్రీజు రాస్తే పని సంపూర్ణం, ఇక అసలు కదలదు.

మూతి ఎగురుతోందని ముందు పెట్టె మీద ఇసుక బస్తా కట్టేవాళ్లున్నారు. గట్టిపడిన మంచు మీద యంత్రం ఎక్కిపోతున్నప్పుడు ముందు బరువు పెంచడం నిజంగా పనికొచ్చే ఉపాయమే. పగుళ్లకి తగులుకుంటున్న యంత్రానికి బస్తా కడితే ఇంకా గట్టిగా తగులుకుంటుంది. రెండూ ఒకటే రోగమనుకుని ఒకే మందు వేయడం మన సంప్రదాయం.

గట్టి బోల్టు

ఇన్ని దెబ్బలు తిన్న తర్వాత ఒక రోజు ఆగర్ ఒకవైపు తిరగడం మానేస్తుంది. షియర్ పిన్ తెగింది. ఇది మెత్తటి బోల్టు, తెగడానికే పుట్టింది. రాయో, న్యూస్‌పేపర్ కట్టో, మంచుకింద మర్చిపోయిన డోర్ మ్యాటో ఇరుక్కున్నప్పుడు మూడు నాలుగు డాలర్ల పిన్ను తాను తెగి, లోపల వందల డాలర్ల గేర్‌బాక్స్‌ని కాపాడుతుంది. ఇలా మాటిమాటికీ తెగే వస్తువుని పెట్టడం కంపెనీల మోసమని వెంటనే గ్రహించండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే అన్నిటికన్నా గట్టి బోల్టు తెచ్చి వేయండి. ఇక ఆ బోల్టు జన్మలో తెగదు. దానికి బదులు తెగాల్సినవి లోపల చాలా ఉన్నాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను తప్పుడు సలహా ఇవ్వను. ఆగర్‌లోనో, మంచు చిమ్మే చ్యూట్‌లోనో ఏదైనా ఇరుక్కుంటే చేయి పెట్టకండి. ఇంజన్ ఆపినా పెట్టకండి. ఇరుక్కున్నది ఊడిన క్షణంలో, బిగుసుకుని ఉన్న ఆగర్ ఇంజన్ ఆగి ఉన్నా ఒక్కసారి తిరుగుతుంది. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, అంతా నిలిచాక, యంత్రానికే తగిలించి ఇచ్చిన ప్లాస్టిక్ కర్రతో తీయండి. అమెరికాలో ఏటా వేలమంది ఈ ఒక్క పని తప్పుగా చేసి ఎమర్జెన్సీకి పరిగెడతారు. లివర్లు వదలగానే ఆగిపోయే ఏర్పాటుని తాడుతో కట్టేసే తెలివి కూడా అక్కడికే తీసుకెళుతుంది. ఇక హాస్యానికి వెళదాం.

సింగిల్-స్టేజ్ యంత్రం కొన్నవారికి ఒక ఇంటిపని: దానికి స్కిడ్ షూస్ ఎక్కడున్నాయో వెతకండి. ఉండవు. అందులో రబ్బరు ప్యాడిల్సే నేలకి రాసుకుంటూ యంత్రాన్ని ముందుకి లాగుతాయి, అవి అరిగితే బండి మొరాయిస్తుంది. వెతికినంతసేపు కాలక్షేపం.

కంకర డ్రైవ్‌వే ఉన్నవారు షూస్‌ని కిందికి దింపి, పట్టీని అంగుళం పైన ఉంచాలంటారు. లేకపోతే రాళ్లు చ్యూట్‌లోంచి తుపాకీ గుళ్లలా వెళతాయి. ఎదురింటివాళ్ల కిటికీలు ఏ సైజువో తెలుసుకునే సులువైన మార్గం వదులుకోకండి.

పక్కింటాయన

మినియాపొలిస్ నగరంలో సొంతిల్లున్నవాళ్లు మంచు ఆగిన 24 గంటల్లోగా ఇంటిముందు సైడ్‌వాక్ శుభ్రం చేయాలి. చేయకపోతే నోటీసు, ఆ తర్వాత నగరమే మనుషుల్ని పంపి తీయించి బిల్లు మీకు పంపుతుంది. సైడ్‌వాక్ పలకలు మీ డ్రైవ్‌వే కన్నా ఘోరంగా లేచి ఉంటాయి, పాత చెట్ల వేళ్లు వాటికి సాయం. అక్కడ మీరు ఎత్తి, తోసి, ఎత్తి, తోసి అలిసిపోయే సమయానికి పక్కింటి పెద్దాయన బయటికి వస్తాడు. డెబ్బై దాటిన మనిషి. 1991 హాలోవీన్ తుపానులో మినియాపొలిస్ ప్రాంతం మీద 28.4 అంగుళాల మంచు పడ్డప్పుడు కూడా పనికి వెళ్లినవాడు. ఆ సంగతి ప్రతి చలికాలం ఒకసారి చెబుతాడు. మీ యంత్రం వైపు చూస్తాడు, మూతి కిందకి వేలు చూపిస్తాడు, “షూస్” అంటాడు. మీరు మీ కాళ్లవైపు చూసుకుని, మంచి బూట్లే వేసుకున్నానని బదులివ్వండి.

ఎప్పుడో ఒకరోజు ఆయన యంత్రం చెడిపోయి మీది అడుగుతాడు. ఇవ్వండి, ఇరుగుపొరుగు అన్నాక ఇవ్వాలి. మర్నాడు తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంటుంది, షూస్‌కి కొత్త నట్లు మెరుస్తుంటాయి. మీరు తోసి చూస్తారు. జాయింట్ మీదుగా, గుమ్మం మీదుగా, లేచిన పలక మీదుగా సాఫీగా వెళ్లిపోతుంది, ఎక్కడా ఆగదు. కంగారు పడకండి. మర్యాదగా థాంక్స్ చెప్పి, ఆయన తలుపేసుకునేదాకా ఆగి, గరాజ్‌లోకి తోసుకెళ్లి, స్పానర్ తీసుకోండి. అరంగుళం నట్టే, రెండు నిమిషాల్లో మళ్లీ మామూలైపోతుంది.